తండ్రి పేరు దగ్గర ఆగిన అర్జీ

ఆయన చివరిసారిగా నన్ను అడిగింది ఒక చెంచా పంచదార.

పొద్దున్న ఐదుంపావు. నడకకి తయారై, బూట్ల లేసులు కట్టుకుని, ఫ్లాస్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. రోజూ ఆ ఫ్లాస్కులో రెండు గ్లాసుల టీ పోసివ్వాలి. పార్కులో నాలుగు రౌండ్లు తిరిగాక బెంచీ మీద కూచుని తాగుతారట.

"కనకం, ఇవాళ కాస్త పంచదార పడెయ్యవూ? ఒక్క చెంచా."

"మొన్న రిపోర్టులో ఎంతొచ్చిందో గుర్తుందా?"

"ఉంది. తగ్గింది కదా."

"తగ్గించింది నేను. పెంచడానికి మీరెవరు?"

ఆయన వాదించలేదు. ముప్ఫై నాలుగేళ్లు రెవెన్యూ ఆఫీసులో పనిచేసిన మనిషి. ఇవాళ కొట్టేసిన దాన్ని రేపు మళ్లీ పెట్టుకోవచ్చని తెలుసు. చప్పటి టీ పట్టుకుని లిఫ్టెక్కి వెళ్లిపోయారు. ఆరుంపావుకి తిరిగొచ్చి ఖాళీ ఫ్లాస్కు సింకులో పెట్టారు. స్నానం, పూజ అయ్యాక పేపరు తీసుకుని బాల్కనీలో కూచున్నారు. ఎనిమిదింటికి టిఫిన్‌కి పిలిస్తే పలకలేదు. పేపరు మాత్రం మడత నలగకుండా ఒళ్లోనే ఉంది.

పదకొండు నెలలైంది. ఏడుపు గురించి రాయడం నాకు చేతకాదు. పైగా ఆయన గురించి రాద్దామని కూచుంటే ముందు నవ్వొస్తుంది. కాబట్టి నవ్వొచ్చిన చోటు నుంచే మొదలుపెడతాను.

మా ఆయన పేరు సీతారామయ్య. కోనసీమలో ఒక మండలాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. నేను హైస్కూల్లో తెలుగు పంతులమ్మని. అప్పుడప్పుడూ కథలు రాస్తాను. ఆయన నా కథ ఒక్కటీ పూర్తిగా చదవలేదు కానీ, ప్రతి కాగితం చేతిలోకి తీసుకుని మార్జిను వదిలానో లేదో చూసేవారు. మా అమ్మాయి జయంతికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక కొత్తగూడ ఫ్లైఓవర్ వెనక సందులో నాలుగో అంతస్తు ఫ్లాటు కొని మమ్మల్నీ తీసుకొచ్చింది.

వచ్చిన కొత్తలో ఆయన్ని చూస్తే జాలేసేది. చేతిలో ఫైలు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. గ్యాసు పుస్తకాన్నీ, మందుల చీటీలనీ ట్యాగులు వేసి కుట్టి బీరువాలో పెట్టుకున్నారు. మూడో నెలలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు సెక్రటరీగా ఎవరుంటారని అడిగితే, మిగతా అందరూ ఫోన్లలోకి చూసుకుంటున్న సమయంలో ఈయన తలెత్తి ఉండడం వల్ల ఎన్నికయ్యారు.

ఆ ఉత్సాహంలోనే పూజ కూడా కొత్త దారి పట్టింది. నేను దేవుడి ముందు కూచుంటే రెండు కీర్తనలు పాడుకుంటాను. ఆయనకి పాట రాదు. ఊరికే దణ్ణం పెట్టుకుని మనసులో చెప్పుకుంటే తృప్తి లేదు. "నోటిమాటగా చెప్తే రికార్డుండదు కనకం. రేపు ఆయన నాకు చెప్పలేదంటే నా దగ్గరేముంది?" అన్నారు. రెండు వందల పేజీల పొడుగు నోటుపుస్తకం కొనుక్కొచ్చారు. రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, అందులో అర్జీ రాసి, పటం ముందు సన్నగా చదివి, పుస్తకాన్ని దీపం పీట కింద పెట్టి హారతిచ్చేవారు. మొదటి అర్జీ నాకింకా నోటికి వచ్చు.

"శ్రీ వేంకటేశ్వరస్వామి వారి దివ్య సముఖమునకు, కొత్తగూడ నివాసి, కీర్తిశేషులు సుబ్బారాయుడు గారి కుమారుడు సీతారామయ్య దాఖలు చేసుకొను అర్జీ. విషయం: కుడి మోకాలి నొప్పి గురించి తగు చర్య కోరుట."

జయంతి పడీపడీ నవ్వింది. "నాన్నా, మా ఆఫీసులో దీన్ని టికెట్ రైజ్ చెయ్యడం అంటారు. క్లోజ్ చేసేవాడు వేరే ఉంటాడు."

"అదృష్టవంతులు. మా ఆఫీసులో క్లోజ్ చేసేవాడే ఉండేవాడు కాదు," అన్నారాయన.

అంతవరకూ అయితే ఊరికే నవ్వుకునేదాన్ని. కానీ ఆయనకి సర్వీసు నాటి నియమం ఒకటుండేది. పుస్తకంలో ఎడమ పేజీ అర్జీకి, కుడి పేజీ ఎదుటి పక్షం సంజాయిషీకి. అవతలివాడి మాట లేకుండా ఫైలు పైకి పంపకూడదు. పంపితే తిరిగొస్తుంది. ఆఫీసులో అయితే ఎదుటి పక్షానికి నోటీసిస్తే వాళ్లే రాసుకొచ్చేవారు. ఇక్కడ మోకాలికి నోటీసెలా ఇస్తారు? అందుకని సంజాయిషీ కూడా ఈయనే, దాని తరఫున రాశారు.

"నేను కుడి మోకాలిని. ఈ అర్జీదారుణ్ణి అరవై నాలుగేళ్లుగా మోస్తున్నాను. మొదటి నలభై ఏళ్లు వీరి బరువు యాభై రెండు కేజీలు దాటలేదు. తదుపరి పెరిగిన ఇరవై ఆరు కేజీల విషయమై నాకు ఎటువంటి ముందస్తు నోటీసు అందలేదు."

అది పటం ముందు చదువుతూ మధ్యలో ఆగిపోయారు. ఆ పూట ఆరు ఇడ్లీల్లో రెండు వెనక్కి పంపారు. కారణం అడిగితే, "అవతలివాళ్ల వాదనలో బలముంది," అన్నారు.

ఇక నర్సింహ సంగతి.

నర్సింహ మా వాచ్‌మన్. మేం రాకముందు నుంచే, పదకొండేళ్లుగా ఉన్నాడు. సెల్లారులో లిఫ్టు పక్క గదిలో అతనూ, భార్య భవానీ కాపురం. భవాని మా ఇంట్లో గిన్నెలు తోమేది. ఆ వేసవిలో మా బోరు ఎండిపోయింది. ఈయన స్నానం ఐదున్నరకి. కుళాయి తిప్పితే గుర్రుమని గాలి. మోటారు వెయ్యమని కిందకి ఫోన్ చేస్తే నర్సింహ ఎత్తడు. కిందకి దిగి చూస్తే గేటు దగ్గర కుర్చీ ఖాళీ. ఆరింటికి ఎక్కణ్ణుంచో వచ్చి మోటారు వేస్తాడు. స్నానం లేనిదే పూజ లేదు, పూజ లేనిదే అర్జీ లేదు. ఆ విధంగా నర్సింహ, మా ఆయనకీ దేవుడికీ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలకే అడ్డొచ్చాడు.

"ఎందుకు లేవు గేటు దగ్గర?" అని నిలదీశారు.

"తప్పయింది సార్," అన్నాడు నర్సింహ.

మర్నాడు కూడా లేడు. మళ్లీ నిలదీస్తే మళ్లీ, "తప్పయింది సార్."

ఈలోగా మా పైన ఐదో అంతస్తు రాకేశ్ పార్సిలు ఒకటి గేటు దగ్గర పోయింది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఆదివారం మీటింగుకి ముందే ఒక ఏజెన్సీతో మాట్లాడి వచ్చాడు. "అంకుల్, వాళ్లు యూనిఫాం గార్డుని పంపుతరంట. రూమ్ గూడ అవసరం లేదంట. ఆ రూముల మనం బైకులు పెట్టుకోవచ్చు." ఈయన వెంటనే నోటు తయారు చేశారు. వచ్చే ఆదివారం తీర్మానం. తరవాత పది రోజుల్లో నర్సింహ గది ఖాళీ చెయ్యాలి.

భవాని గిన్నెల దగ్గర చెయ్యాపి నిలబడింది. "అమ్మా, సారుకు జర మీరన్న చెప్పుండ్రి. పదకొండేండ్ల సంది గా అర్రలనే ఉంటున్నం. ఇప్పుడు యాడికి పోవాలె? బయట కిరాయిలు మాతోని అయితదా?"

నేను చెప్పాను. "విషయం విచారణలో ఉంది," అన్నారు. విచారణ అంటూ ఏదీ లేదని నాకు తెలుసు. ముప్ఫై ఆరేళ్ల కాపురం.

శుక్రవారం పొద్దున్న, ముందు రాత్రి పట్టిన రెండు బకెట్ల నీళ్లతో ఐదింటికే స్నానం చేసి, దేవుడి ముందు కూచుని అర్జీ రాశారు. విషయం: వాచ్‌మన్ నర్సింహ తొలగింపునకు అనుగ్రహం కోరుట. ఎడమ పేజీ నిండా నేరాలు, తేదీలతో సహా. తరవాత కుడి పేజీ. నర్సింహ ఇచ్చిన సంజాయిషీ "తప్పయింది సార్" ఒక్కటే. దాంతో ఫైలు నిలవదు. అందుకని అతని తరఫున మొదలుపెట్టారు. "నేను, నర్సింహ, తండ్రి పేరు..." అని రాసి, అక్కడ కలం ఆగింది.

నేను వంటింట్లో ఉన్నాను. ఎంతసేపటికీ హారతి గంట వినపడకపోతే తొంగిచూశాను.

"కనకం, నర్సింహ తండ్రి పేరేంటి?"

"నాకేం తెలుసండీ?"

"రోజూ చూస్తున్న మనిషి!"

"సెక్రటరీ మీరు. నన్నడుగుతారేం?"

లేచి అసోసియేషన్ రిజిస్టరు తీశారు. అందులో జీతం పద్దు ఎదురుగా 'వాచ్‌మన్' అని మాత్రమే ఉంది. ఆయన ఫోన్లో కూడా అంతే. మా ఇంట్లో కుక్కరుకి కూడా ఇంతకంటే వివరంగా గ్యారంటీ కార్డుంది.

"ఖాళీ వదిలెయ్యండి. దేవుడికి తెలీదా ఏమిటి?" అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "తండ్రి పేరు లేని అర్జీ సర్వీసంతా ఒక్కటి కూడా పైకి పంపలేదు. కలెక్టరుకే పంపనివాణ్ణి, ఈయనకి పంపమంటావా?"

మడి పంచెతోనే, కలం చెవి మీద పెట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని కిందకి దిగారు. అప్పుడు ఐదూ నలభై. తరవాత జరిగిందంతా సగం ఆయనా సగం భవానీ చెప్పగా తెలుసుకున్నాను.

గేటు దగ్గర కుర్చీ మామూలుగానే ఖాళీ. భవాని ఊడుస్తోంది.

"మీ మామగారి పేరేంటమ్మా?"

ఆమె చీపురు కింద పడేసింది. "ఎందుకు సార్? పోలీస్ కేసు పెడుతున్నరా? మా మామ సచ్చిపోయి శానేండ్లాయె సార్, ఆయనెందుకు?"

"పేరు చెప్పు చాలు."

"నేను మామ పేరు జెప్పగూడదు సార్. ఆయన్నే అడుగుండ్రి. మెయిన్ రోడ్ మీదున్నడు."

ఈయన మడి పంచె పైకెగ్గట్టి మెయిన్ రోడ్డు మలుపు దాకా నడిచారు. మా సందులో ఆరు హాస్టళ్లున్నాయి, అన్నిట్లోనూ సాఫ్ట్‌వేర్ పిల్లలే. ఆ వేసవిలో అందరికీ నీళ్లు ట్యాంకర్లవే. ఫోన్లో ట్యాంకరు బుక్ చెయ్యడం ఎవరైనా చేస్తారు, సెక్రటరీగా ఈయనా చేసేవారు. అది మలుపు తిరిగేటప్పుడు ఎవరి మనిషి ముందు ఎక్కి డ్రైవరు పక్కన వేలాడతాడో వాళ్ల ఇంటికే ముందు వెళ్తుంది. మలుపు దగ్గర ఆరుగురు హాస్టళ్ల మనుషులు నిలబడి ఉన్నారు. ఏడోవాడు నర్సింహ. ట్యాంకరు వచ్చింది. ఏడుగురూ పరుగెత్తారు. యాభై ఏళ్ల నర్సింహ అందరికంటే ముందు మెట్టు మీదకి ఎగిరి, కిటికీలోంచి డ్రైవరు భుజం మీద చెయ్యేసి ఏదో నవ్విస్తున్నాడు. మా సందు ఇరుకు, బండి వెనక్కే రావాలి. నర్సింహ దిగి, దాని వెనక నడుస్తూ, రేకు మీద అరచేత్తో కొడుతూ, "రానియ్, రానియ్, జర డావుకు," అని ఎడమవైపు చూపిస్తూ అరుస్తున్నాడు. సందు మధ్యలో పంచె కట్టుకున్న మనిషి ఒకడు అడ్డం.

"ఓ పంతులూ! కనవడ్తలేదా? జరుగు, పక్కకు జరుగు!"

పంతులు జరిగేసరికి బురదలో కాలు పడింది. అప్పుడు గుర్తుపట్టాడు నర్సింహ.

"అయ్యో సార్, మీరా! తప్పయింది సార్!"

"అది తరవాత. మీ నాన్నగారి పేరేంటి?"

నర్సింహకి ఏమీ అర్థం కాలేదు. "పోచయ్య, సార్."

"ఏం చేసేవారు?"

"బావులు తవ్వేటోడు సార్. గీ కొత్తగూడలనే మూడు తవ్విండు. ఒకటి గా ఫ్లైఓవర్ కాలున్నది చూడు, గాడుంటుండె."

"నీళ్లు పడ్డాయా?"

"మూడిట్ల పడ్డయి సార్."

ఈయన పుస్తకం తెరిచి, ట్యాంకరు రేకు మీద ఆనించి, రాసుకున్నారు. తరవాత అడిగారు: "రోజూ నీళ్ల కోసం వెళ్తున్నానని నాకెందుకు చెప్పలేదోయ్?"

"మీరు యాడికి పోయినవ్ అని అడగలే సార్. గేటు కాడ ఎందుకు లేవు అని అడిగిన్రు. లేనన్నది నిజమే గద."

పైకొచ్చి, మళ్లీ స్నానం చేసి, ఈసారి కుళాయిలో నీళ్లొస్తున్నాయి, కుడి పేజీ పూర్తి చేశారు. "నేను, నర్సింహ, తండ్రి పోచయ్య. అర్జీదారు స్నానానికి నీళ్లు లేని ఆ అరగంటలోనే నేను వారి స్నానానికి నీళ్లు తెస్తున్నాను. ఇంతకు మించి విన్నవించుకొనుటకు లేదు." పటం ముందు చదివారు. కాగితం చింపే అలవాటు ఆయనకి లేదు. ఎడమ పేజీ కింద 'అర్జీదారు అర్జీని ఉపసంహరించుకొనుచున్నాడు' అని రాసి సంతకం చేశారు.

కాఫీ ఇస్తుంటే అన్నారు: "ఇదేం చిత్రమే కనకం. నేనేదో అడుగుదామని ఆయన ముందు కూచుంటే, అవతలివాడు వచ్చి నా పక్కన కూచుంటున్నాడు. వాడు కూచున్న వైపు నుంచి చూస్తే నా అర్జీ నాకే బాగాలేదు."

నేను కీర్తనలు పాడడం మొదలుపెట్టి నలభై ఏళ్లు. నా పక్కన అలా ఎవరూ వచ్చి కూచోలేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

ఆదివారం మీటింగులో తీర్మానం రాలేదు. ట్యాంకరు సంగతి చెప్పి, నర్సింహని ఉంచాలన్నారు. రాకేశ్ ఊరుకోలేదు. "అది ఓకే అంకుల్, కానీ ఆ అరగంట గేటు కాడ ఎవరుంటరు? నా పార్సిల్ గప్పుడే పోయింది."

"ఏర్పాటు చేయబడినది," అన్నారు ఈయన.

"ఎవరు చేసిన్రు?"

"చేయబడినదయ్యా. రాసుకో."

ప్రభుత్వ భాషలో ఉన్న సుఖమదే. పని జరుగుతుంది, చేసినవాడు కనపడడు. సెల్లారులో ఉక్కపోస్తుంటే ఇంకెవరూ తరచి అడగలేదు. అందరూ లిఫ్టు కోసం లేచారు. భవాని ఆ సాయంత్రం మా గిన్నెలు రెండుసార్లు తోమింది.

సోమవారం నుంచి ఆయన నడక మొదలైంది. మోకాలి డాక్టరు ఏడాదిగా చెప్తున్న మాట ఇప్పటికి చెవికెక్కిందని సంతోషించాను. ఐదున్నర స్నానం కోసం అంత యుద్ధం చేసిన మనిషి, నడక కోసమని స్నానాన్ని ఆరున్నరకి జరిపేశారు. జయంతి మంచి బూట్లు కొనిచ్చింది. ఎంత మంచివంటే, మూడేళ్లు రోజూ నడిచినా వాటి అడుగుభాగం చెక్కుచెదరలేదు. కొన్న రోజు గీతలు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కనిపించిన వాళ్లందరికీ ఆ కంపెనీ పేరు చెప్పాను. ఎదురు ఫ్లాటావిడ నా మాట నమ్మి తన భర్తకి రెండు జతలు కొంది. అవి ఆర్నెల్లకే అరిగిపోతే, "మీవారు కాళ్లీడుస్తారేమో," అన్నాను కూడా.

అర్జీలు మాత్రం ఆగలేదు. పైన రాకేశ్ కుర్చీ చప్పుడు మీద ఒకటి పెట్టారు. సంజాయిషీ రాయడానికి తండ్రి పేరు కనుక్కోవాలని పైకెళ్లి, గంటన్నర కూచుని, అతని ఆఫీసులో ముగ్గురి పని ఇతనొక్కడే చేస్తున్నాడని తెలుసుకుని, ఇంట్లో ఉన్న పాత గోనెపట్టా అతని కుర్చీ కిందకి ఇచ్చి వచ్చారు. పాలవాడి మీద, కొరియరువాళ్ల మీద, చివరికి మా ఫ్రిజ్ మీద కూడా ఫైళ్లున్నాయి. పోనుపోను ఎడమ పేజీలు పొట్టివై కుడి పేజీలు పొడుగయ్యాయి. ఆఖరి పుస్తకంలో కొన్ని చోట్ల ఎడమవైపు తారీకు తప్ప ఏమీ లేదు.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, చుట్టాలు భోజనాలు చేస్తుండగా నర్సింహ పైకొచ్చాడు. చెప్పులు లిఫ్టు దగ్గరే వదిలి, గుమ్మం బయట నిలబడ్డాడు. చేతిలో ఒక దిండు. మా సోఫా దిండు. మూడేళ్ల కిందట పోయింది. ఇస్త్రీ అతను బట్టల్లో చుట్టి తీసుకుపోయాడని నేను ఎన్నిసార్లు అని ఉంటానో.

"గిది మీదే అమ్మా. సార్ తెచ్చిండు. కుర్సీ గట్టిగున్నదని."

"ఏ కుర్చీ?"

నర్సింహ నేల చూపులు చూశాడు. "గేటు కాడ నా కుర్సీ అమ్మా. నేను ట్యాంకర్ కాడికి పోయొచ్చేదాంక రోజు సారే కూసుంటుండె. బోర్‌ల నీళ్లొచ్చినంక గూడ, వానకాలంల నువ్వు జర పండుకో అని నన్ను లోపటికి తోలి, ఆయన కూసుంటుండె. పాలోళ్లతోని, పేపరోళ్లతోని రిజిస్టర్‌ల పేర్లు రాయించుకుంటుండె. తండ్రి పేరు గూడ."

"పార్కులో నడక...?"

"యాడి నడక అమ్మా! మేడంకు మాత్రం చెప్పకు, నడుస్తలేనని తెలిస్తే తిడ్తది అన్నడు."

నాకు ఆ చుట్టాలందరి మధ్యా నవ్వొచ్చింది. బూట్లు గుర్తొచ్చాయి. ఎదురు ఫ్లాటావిడ గుర్తొచ్చింది. పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే అందరూ ఏడుస్తున్నాననుకుని మంచినీళ్లు తెచ్చారు.

నర్సింహ వెళ్లబోతూ ఆగాడు.

"చాయ్ మంచిగుంటుండె అమ్మా."

"నీకూ పోసేవారా?"

"నాకే పోస్తుండె. రెండు గిలాసలు. ఆయన ఒక్క గుటక గూడ తాగకపోతుండె, నాకు షుగరోయ్ అంటుండె." దిండు నా చేతికిచ్చాడు. "జర చక్కెరనే ఉండకపోతుండె. మూడేండ్లల్ల ఏనాడు అనలే. ఆయన పోయే ముందటి దినం నోరు జారి అన్న. రేపు మేడంను అడుగుత అన్నడు."